గట్టు తగాదా

ఫెరఖర్,
నీ చేను నా చేలోకి వచ్చి పడింది.
ఎవరూ మోసుకురాలేదు. నేను రమ్మనలేదు.
ఆ ఫిబ్రవరి రాత్రి పడమటి గాలి
నీ తాత పాతిన కంచె గుంజల్ని వదిలేసి
వాటి కింది నేలను మాత్రం పట్టుకుపోయింది.
తెల్లారి చూస్తే
గుంజలన్నీ తీగకి వేలాడుతున్నాయి
ఆరేసిన చేపల్లా.
కాళ్ళ కింద అట్లాంటిక్.

ఇరవై రెండేళ్ళు మాట్లాడుకోలేదు మనం,
మూడు మూరల గట్టు కోసం.
చర్చిలో నీది కుడివైపు బల్ల, నాది ఎడమ.
గొర్రెల సంతలో నీ పొట్టేలుకి నేను పాట పెంచితే
తక్కువకే ఇంకొకడికి ఇచ్చేశావు, గుర్తుందా?
ఇన్వర్నెస్ నుంచి కొలతలాయన రెండుసార్లొచ్చాడు.
రెండుసార్లూ మీ ఇంట్లో టీ తాగి, మా ఇంట్లో టీ తాగి,
కాగితం మీద చుక్కల గీత గీసి
పడవెక్కి పోయాడు.
ఆ గీత ఇప్పుడు నడుముల్లోతు ఇసుక కింద ఉంది.

తిన్నె ఎక్కడ తెగిందో చూశావా నువ్వు?
మీ నాన్నా మా నాన్నా కలిసి
రేవు కట్టడానికి ఇసుక తవ్వి అమ్మిన గుంట దగ్గర.
వాళ్ళు మంచి స్నేహితులు.
కుందేళ్ళు మిగతా పని చేశాయి.
సముద్రానికి ఆ సందు చాలు,
ఇంటి గుట్టు తెలిసిన చుట్టంలా
సరాసరి లోపలికొచ్చింది.

తెగిన చోట గుండ్రంగా ఒక రాతిగోడ బయటపడింది.
గవ్వల కుప్ప, బూడిద,
మూడు పళ్ళు ఊడిన ఎముక దువ్వెన.
ఏ కాలం వాళ్ళో. వాళ్ళకీ చేలుండేవి కాబోలు,
వాళ్ళ చేల మీదా ఇలాగే ఒక రాత్రి ఇసుక కురిసి ఉంటుంది.
దాని మీదే నువ్వూ నీ తాతా ఓట్లు చల్లారు,
మొదట్నుంచీ మాదే అన్నారు.
నేనూ అన్నాను లే.

నా నేల నీకు తెలుసు.
నల్లది, పులిసింది, గడ్డలు కోసి పొయ్యిలో పెట్టుకోవడానికి తప్ప
దేనికీ పనికిరానిది. మా అమ్మ దాన్ని
"ఏడుపుగొట్టు నేల" అనేది, ఏ కాలంలో తొక్కినా నీళ్ళొచ్చేవి.
దాని మీద తెల్లగా, మోకాలిదాకా నీ ఇసుక.
మొదటి ఏడు కూర్చుని ఏడ్చాను.
మడుగులో ఉప్పు దూరింది, ఆవు తాగలేదు.
రాళ్ళు, ఒక్కొక్కటి దూడంత,
రోడ్డు దాటి మా గుమ్మం ముందు కూర్చున్నాయి.
మీ కోళ్ళగూడు తలుపు కూడా కొట్టుకొచ్చింది.
చెప్పకుండా వాడుకుంటున్నాను.

రెండో ఏడు, అలలు ఒడ్డున పడేసిన నాచు
బండెడు తెచ్చి కలిపి దున్నించాను, ఏమవుతుందో చూద్దామని.
గవ్వల పిండి నా నేల పులుపు విరిచింది, ఫెరఖర్.
చీలమండ దాటని బార్లీ
నడుముదాకా వచ్చింది.
గట్టుండేదనుకునే చోట
ఎవరూ చల్లని తెల్ల క్లోవర్ పూసింది,
టిట్టిభం గుడ్లు పెట్టి, నేను దగ్గరికెళితే
నన్నే ఆక్రమణదారునన్నట్టు అరిచింది.

పన్నెండు బస్తాలయ్యాయి.
ఇందులో నీవెన్ని, నావెన్ని?
కొలతలాయన్ని పిలిస్తే టీ తాగి పోతాడు.
జల్లెడ పట్టి నీ ఇసుక నీకివ్వనా?
నువ్వేమో లాక్‌బాయిస్‌డేల్‌లో
మీ అక్క ఇంటి కిటికీ దగ్గర కూర్చుని
వచ్చే పోయే పడవల్ని లెక్కపెడుతున్నావట.

సముద్రం మళ్ళీ వస్తుంది. తిన్నె సందు ఇంకా పూడలేదు.
గడ్డి నాటాలి, వంగి నాటడానికి నా నడుం ఒక్కటే చాలదు.
గురువారం ట్రాక్టరొస్తోంది.
మన గేటు ఎటువైపుండేదో నాకిప్పుడు గుర్తు లేదు,
ఎటు నుంచైనా రా.
వచ్చి పూర్వంలా "బేహగ్!" అని గట్టిగా పిలువు,
గాలికి నాకు చెవులు సరిగా వినపడవు.